వయసు అడుగుతారు... అనుభవం అడగరేం?

పలాస దాటి మందస వైపు వెళ్లే రైలు సుమ్మాదేవిలో ఆగితే కిటికీలోంచి ముందు కనపడేది పసుపు పలక. దాని మీద నల్లటి అక్షరాల్లో ఊరి పేరు. రైలు దిగని వాళ్లకు సైతం ఇక్కడొక ఊరుందని చెప్పేది ఆ పలకే. ఊరి పేరు అందరూ చదువుతారు. ఇలాంటి పలకలు రాసే చెయ్యి ఎవరిదో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని తోచదు కూడా.

ఒక్క సుమ్మాదేవి మాటే కాదు. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల గోడలు, కాశీబుగ్గ కిరాణా కొట్లు, టెక్కలి లారీల వెనక తలుపులు, భావనపాడు, బారువ తీరాల్లో పడవల పేర్లు, ఉద్దానం బడుల గోడల మీది గుణింతాలు... వీటికి అక్షరం పెట్టింది బోర్డులు రాసే పెయింటర్లే. అందరి పేర్లూ పెద్దగా రాసి, తమ పేరు మాత్రం మూలన చిన్నగా 'ఫలానా ఆర్ట్స్' అని రాసుకునే మనుషులు వాళ్లు.

ఆ 'ఆర్ట్స్' షాపుల్లో ఇప్పటికీ తెరిచి ఉన్నవాటి ముందు నిలబడి చూడండి. యజమాని తల నెరిసి ఉంటుంది. ముక్కు మీద కళ్లద్దాలు ఉంటాయి. పక్కన కుంచెలు కడిగే కుర్రాడు మాత్రం ఉండడు. వృత్తి అంతా పెద్దవాళ్ల చేతుల్లోనే మిగిలింది, వాళ్ల తర్వాత పట్టుకునే చెయ్యి లేదు. మిగతా ఏ పనిలోనైనా అనుభవం పెరిగేకొద్దీ కూలి పెరుగుతుంది, మర్యాద పెరుగుతుంది. ఈ పనిలో మాత్రం అనుభవం పెరిగేకొద్దీ షాపు చిన్నదవుతోంది. ఇదేం న్యాయమని మేము అడుగుతున్నాం.

చెయ్యి తిరగడానికి ఎన్నేళ్లు?

బోర్డు రాయడమంటే రంగు పూయడమనుకునే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. ఒక్కసారి కుంచె పట్టి చూడమనండి. రేకు తెచ్చి, తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక ఎనామెల్ పూత వేసి, సుద్దపొడి అద్దిన దారం లాగి గీత కొట్టి, ఆ గీత మధ్య అక్షరాలు పంచాలి. ఇంగ్లీషు అక్షరమైతే రెండు గీతల మధ్య ఇమిడిపోతుంది. తెలుగు అక్షరం అలా ఇమడదు. పైన గుడి, కింద ఒత్తు, పక్కన కొమ్ము. 'లక్ష్మీ' అని రాయాలంటే కింద ఎంత చోటు వదలాలో చెయ్యి పెట్టకముందే కంటికి తెలియాలి. మందస, సోంపేట, ఇచ్ఛాపురం వైపైతే ఒడియా అక్షరం కూడా రావాలి. పడవ మీద రాసేవాడికి ఉప్పుగాలికి ఏ రంగు నిలుస్తుందో, ఏ రంగు పొలుసులుగా లేస్తుందో తెలియాలి. ఇవన్నీ ఏ పాఠశాలలోనూ చెప్పరు. పద్నాలుగేళ్ల వయసులో గురువు దగ్గర చేరి, కిరసనాయిలుతో కుంచెలు కడిగి, పూతలు పూసి, ఎన్నాళ్లకో గాని సొంతంగా ఒక అక్షరం పెట్టనివ్వరు.

ఇంకో సంగతి. కాగితం మీద ఇతడు 'ప్రొప్రయిటర్'. నిజానికి షాపు తుడిచేవాడూ అతడే, నిచ్చెన మోసేవాడూ అతడే, ఎండలో గోడెక్కేవాడూ అతడే. కార్మికుడని చెప్పుకుందామంటే షాపుకు యజమాని అంటారు. యజమానినని చెప్పుకుందామంటే పెట్టుబడి ఎంత, టర్నోవర్ ఎంత అంటారు. అతని పెట్టుబడి ముప్పై నలభై ఏళ్ల చేతిపని. దాన్ని రాసుకునే గడి ఏ దరఖాస్తులోనూ లేదు.

ఒక జీవితం, అయిదు గుమ్మాలు

ఊరికే ఆవేశపడుతున్నామని ఎవరైనా అనుకుంటే లెక్క చెబుతాం. 1965లో పుట్టిన ఒక పెయింటరును తీసుకోండి. అయిదో తరగతితో బడి మానేశాడు. 1979లో, పద్నాలుగో ఏట పనిలో చేరాడు. పాతికేళ్లకు సొంత షాపు పెట్టాడు. ఎన్నికలొస్తే గోడలు, సినిమాలొస్తే గుడ్డ బ్యానర్లు, పండగలొస్తే కొత్త బోర్డులు. బతుకు నడిచింది.

1997లో బహిరంగ ప్రదేశాలను వికృతపరచడాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఎన్నికల సంఘం ఆంక్షలూ బిగిశాయి. గోడ రాతల పని సన్నగిల్లింది. మంచిదే, అడ్డదిడ్డంగా గోడలు పాడుచేయమని మేమూ అనం. కానీ ఆ రాతల మీద బతికేవాడికి ప్రత్యామ్నాయం ఏమిటని చట్టం చేసినవాళ్లు ఆలోచించారా?

2000 తర్వాత కొద్ది ఏళ్లకే ఫ్లెక్సీ వచ్చింది. రాత్రి చెబితే పొద్దునకు బొమ్మతో సహా బ్యానరు. సరే, మనవాడూ ఆ యంత్రమే పెట్టుకుందామనుకున్నాడు. 2003 అనుకోండి, వయసు 38. అప్పట్లో ఉన్నది 1993లో మొదలైన ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన. వయసు 18 నుంచి 35. కొన్ని వర్గాలకు పదేళ్ల సడలింపు ఉంది, మిగతావాళ్లకు లేదు. మొదటి గుమ్మం మూసుకుంది.

2008లో ఆ పథకం పోయి ఉపాధి కల్పన కార్యక్రమం పేరుతో కొత్తది వచ్చింది. వయసుకు పై పరిమితి తీసేశారు. సంతోషించేలోపే ఇంకో షరతు. సేవారంగంలో 5 లక్షలు, తయారీలో 10 లక్షలు దాటిన యూనిట్‌కు ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. యంత్రం, గది, కంప్యూటరు కలిపితే గీత దాటుతుంది. వేల బోర్డులు తప్పు లేకుండా రాసినవాడు చదువు రానివాడైపోయాడు. రెండో గుమ్మం.

2019లో అసంఘటిత కార్మికులకు శ్రమయోగి మాన్‌ధన్ పింఛను అన్నారు. నెలనెలా కొంత కడితే అరవై దాటాక నెలకు 3,000. చేరే వయసు 18 నుంచి 40. మనవాడికి 54. మూడో గుమ్మం. 2020లో రాష్ట్రంలో దర్జీలకు, రజకులకు, నాయీబ్రాహ్మణులకు ఏటా 10,000 ఇచ్చే 'చేదోడు' మొదలైంది. ఆ అన్నదమ్ములకు అందినందుకు మాకు ఆనందమే. కుంచె పట్టినవాడి మాట ఎవరికీ గుర్తురాలేదు. నాలుగో గుమ్మం.

2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ యోజన ఆర్భాటంగా ప్రారంభమైంది. 18 చేతివృత్తులు. పనిముట్లకు 15,000, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల రుణం. ఆ జాబితా మేము పైనుంచి కిందకు చదివాం. పడవ చేసేవారు ఉన్నారు. వల అల్లేవారు ఉన్నారు. ఆ పడవ మీద పేరు రాసేవారు లేరు! కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, మేస్త్రి, దర్జీ అందరూ ఉన్నారు. ఆ అందరి షాపులకూ బోర్డు రాసినవాడే లేడు. అయిదో గుమ్మం.

2025కు అతనికి అరవై నిండాయి. మిగతా షరతులు కుదిరితే నెలకు 4,000 వృద్ధాప్య పింఛను. నలభై ఆరేళ్లు పని చేసినవాడి వయసు మొట్టమొదటిసారి ప్రభుత్వానికి పనికొచ్చింది, అతను ముసలివాడని రాసుకోవడానికి! ప్రతి బల్ల దగ్గరా అతని వయసు కనిపించింది. అతని అనుభవం ఒక్క బల్ల దగ్గరా కనిపించలేదు.

కాలం మారిందనే వాళ్లకు

'టెక్నాలజీ వచ్చింది, పాత పనులు పోతాయి, ఏడ్చి లాభమేముంది?' అని నీతులు చెప్పేవాళ్లకు మా జవాబు ఇది. ఫ్లెక్సీ చవకగా రావడం యంత్రం గొప్పతనం ఒక్కటే కాదు. పని అయిపోయాక ఆ ప్లాస్టిక్‌ను ఊరి మీద పడేసే ఖర్చు ఎవరి లెక్కలోనూ లేదు కాబట్టి చవక. వంద మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. 2022 ఆగస్టు 26న విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి రాష్ట్రంలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలే ఉండవని ప్రకటించారు. నవంబరు 1 అన్నారు, తర్వాత 2023 జనవరి 26 అన్నారు. పలాస రైల్వేగేటు నుంచి కాశీబుగ్గ దాకా నడిచి చూడండి, ఏం మారిందో మీకే తెలుస్తుంది. పెయింటరుకు నష్టం చేసిన చట్టం గట్టిగా అమలవుతుంది. పెయింటరుకు మేలు చేయగల చట్టం కాగితం మీదే ఉంటుంది.

రంగులకు డబ్బు లేదందామా? పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు పూయించి, 2020లో హైకోర్టు, సుప్రీంకోర్టు తీసేయమంటే మళ్లీ పూయించిన చరిత్ర మనది. జెండా రంగుకు నిధులుంటాయి. అక్షరానికి ఉండవు.

ఇంకో బాకీ కూడా ఉంది. ఇన్నేళ్ల అనుభవమంటే ఇన్నేళ్లు పీల్చిన ఎనామెల్ వాసన. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాల్లో 90కి మించరాదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు పసుపు, ఎరుపు రంగులు చేతికి అంటించుకున్నవాళ్ల సంగతేమిటి? ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఇదే కారణమని మేము అనడం లేదు. కానీ సీసం కిడ్నీకి చెరుపు చేస్తుందని వైద్యమే చెబుతోంది. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఈ గడ్డ మీద ఆ పెయింటర్లకు రక్తపరీక్ష చేయించాలన్న ఆలోచనైనా ఎందుకు రాలేదు?

ఉద్దానం వాళ్లకు వయసు విలువ తెలియనిది కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ కొట్టినప్పుడు పడిపోయిన కొబ్బరి చెట్టును చూసి మనం గుండెలు బాదుకున్నాం. కొత్త మొక్క వేస్తే కాపుకు ఆరేడేళ్లు పడుతుందని, ముదురు చెట్టు పోతే ఇంటి పెద్ద పోయినట్టేనని ఏడ్చాం. చెట్టుకు ఏళ్లు గడిస్తే ఆస్తి అన్నాం. మనిషికి ఏళ్లు గడిస్తే అనర్హత అంటున్నారు. ఒప్పుకుందామా?

మన వేదిక మీద ఏముంది?

పాలకులను తిట్టి చేతులు దులుపుకోవడానికి ఇది రాయడం లేదు. ఉద్యోగ మిత్రులారా, మీ సర్వీసు పుస్తకంలో ప్రతి ఏడూ ఒక ఇంక్రిమెంటు. మీ పదవీ విరమణ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 60 నుంచి 62కి పెరిగింది. అనుభవజ్ఞుల సేవలు వాడుకోవాలన్న మాట అప్పుడు గట్టిగానే వినిపించింది. అది మీ హక్కు, దాని మీద మాకు ఈర్ష్య లేదు. అరవై రెండేళ్ల దాకా మీ అనుభవం రాష్ట్రానికి అవసరమైతే, ముప్పై అయిదు దాటిన పెయింటరు అనుభవం ఎందుకు అక్కరలేకపోయింది? ఇది మీరు కూడా అడగాలి. మీ సంఘ సన్మాన సభలకు ఫ్లెక్సీ కొట్టించే ముందు ఒక్కసారి ఆలోచించాలి.

విద్యార్థి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ కళాశాల గేటు దగ్గర నాయకుల ముఖాలతో నిలబెట్టిన ఫ్లెక్సీలో తెలుగు ఒకసారి చదవండి. ఒత్తు ఒకచోట, అక్షరం ఒకచోట. నలభై ఏళ్లు అక్షరం దిద్దిన మనిషి అదే వీధిలో షాపు తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాడు.

ఇక మా సంగతి. ఉద్యమంలో తిరిగిన మేము కూడా తప్పు చేశాం. సభ అనగానే ఫ్లెక్సీకి ఫోన్ చేశాం. ధర తక్కువన్నాం, తొందరన్నాం. పిడికిలి బొమ్మ మాకు కంప్యూటర్లో దొరికింది. ఒకప్పుడు పోరాటాల మాటను రాత్రికి రాత్రి గోడకెక్కించిన చేతులను మేమే మరిచిపోయాం. కొత్త రాష్ట్రం వస్తే ముందు మారేది బోర్డే. 2014 జూన్ 2 తర్వాత తెలంగాణలో ఆఫీసు ఆఫీసుకూ పేరు మారింది. బండి నంబరు టీఎస్ అయింది, 2024 మార్చిలో టీజీ అయింది. 2022 ఏప్రిల్లో మన పలాస రెవెన్యూ డివిజన్ అయితే దానికీ కొత్త బోర్డే కావాలి. మార్పు జరిగిందని ఊరికి చెప్పేది అక్షరమే. ఆ అక్షరం రాసేవాడి బతుకు మారకపోతే మనం మార్చింది పేరు మాత్రమే.

అందుకే మా డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. చేతివృత్తుల జాబితాల్లో బోర్డు పెయింటర్లను చేర్చాలి. వాళ్లకు రుణం ఇచ్చేటప్పుడు పని చేసిన ఏళ్లనే చదువుగా, హామీగా లెక్కించాలి. పింఛను పథకాల్లో నలభై దాటిన చేతివృత్తివారికి చేరే దారి తెరవాలి. బడి, పంచాయతీ, ఆసుపత్రి బోర్డులు గిట్టుబాటు ధరకు స్థానిక పెయింటర్లతోనే రాయించాలి. దుకాణం పేరు తెలుగులో ఉండాలన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది, దాన్ని అమలు చేస్తే వీళ్లకు పని అదే వస్తుంది. పని నేర్పే పెద్దలకు, నేర్చుకునే పిల్లలకు భృతి ఇవ్వాలి. ఆ చేతులు ఆగిపోయాక నేర్పమంటే నేర్పేవాళ్లు ఉండరు.

ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మనం చేయగలిగింది ఒకటుంది, దానికి ఏ జీవో అక్కరలేదు. వచ్చే సభకు ఫ్లెక్సీ వద్దు. కోరా గుడ్డ కొందాం, వీధి చివరి ఆర్ట్స్ షాపు తలుపు తడదాం, అడిగినంత ఇద్దాం. రాసిన మనిషిని ఆ రోజు వేదిక మీద మన పక్కన కూర్చోబెట్టి, వయసెంతని కాక ఎన్నేళ్ల పని అని అడుగుదాం. గుడ్డ మీద కింది మూలన అతని షాపు పేరు పెద్ద అక్షరాల్లో రాయమందాం.