కొత్త ట్రక్కు ముక్కు ఎత్తెంత?

మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒకప్పుడు మూడే టాపిక్కులు: గ్రీన్ కార్డు తేదీలు, ఇళ్ళ ధరలు, సినిమాలు. ఈమధ్య నాలుగోది చేరింది, పికప్ ట్రక్కులు. డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో క్యామ్రీ నుంచి ఒడిస్సీకి, ఒడిస్సీ నుంచి తిన్నగా ఎఫ్-150కి ఎక్కినవాళ్ళు నాకే అరడజను మంది తెలుసు. వీళ్ళలో ఏ ఒక్కరూ జన్మలో గుర్రాల ట్రైలర్ లాగరు. మహా అయితే ఇండియన్ స్టోర్ నుంచి రెండు సోనామసూరి బస్తాలు తెస్తారు. సరే, ఎవరి డబ్బు వాళ్ళిష్టం, నాకేం పేచీ లేదు.

నాకు సరదాగా అనిపించేది వీళ్ళ ఊహాగానాలు. ఎఫ్-150ని ఫోర్డ్ వాళ్ళు 2004, 2009, 2015, 2021 మోడళ్ళకి పూర్తిగా మార్చారు. అంటే అయిదారేళ్ళకోసారి. ఈ లెక్కన తర్వాతి తరం ఎలా ఉండబోతోందో అని జోస్యాలు మొదలయ్యాయి. డెట్రాయిట్ వైపు రోడ్ల మీద నలుపు తెలుపు సుడుల స్టిక్కర్లు చుట్టుకుని ఏదన్నా ట్రక్కు కనిపిస్తే చాలు, ఎవడో ఫోటో తీస్తాడు, ఇంకెవడో దాని మీద కంప్యూటర్లో బొమ్మ గీస్తాడు, మనవాళ్ళు ఆ బొమ్మని జూమ్ చేసి హెడ్‌లైట్ అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అని కొట్టుకుంటారు. కోడ్ చూడకుండా లాగిన్ పేజీ రంగు చూసి కొత్త వెర్షన్ ఆర్కిటెక్చర్ చెప్పెయ్యడం లాంటిదన్నమాట :)

స్టిక్కర్లు అంటించేదే కళ్ళని మోసం చెయ్యడానికి. అసలు కబురు ఫ్యాక్టరీల్లో దొరుకుతుంది. 2025 మే నెలలో జనరల్ మోటార్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని టొనవాండా ఇంజిన్ ప్లాంటు మీద 88.8 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది, కొత్త తరం వీ8 ఇంజిన్ కోసం. వచ్చే సిల్వరాడోలో వీ8 ఉంటుందా ఉండదా అన్న వాదన ఆ రోజుతో అయిపోవాలి. అంత డబ్బు పోసేది రెండు మూడేళ్ళ ముచ్చటకి కాదు కదా. ఫోర్డ్ సంగతీ అంతే. 2025 డిసెంబర్లో పూర్తి ఎలక్ట్రిక్ ఎఫ్-150 లైట్నింగ్ తయారీ ఆపేస్తున్నామని చెప్పింది. దాని తర్వాత వచ్చేది బ్యాటరీతో నడుస్తూనే ఛార్జింగ్ కోసం లోపల ఒక పెట్రోల్ జెనరేటర్ మోసుకెళ్ళే బండి. ఈ రెండు ప్రకటనల్లో ఉన్నంత సమాచారం వంద స్పై ఫోటోల్లో ఉండదు.

బయటికి కనిపించకుండా అసలు మార్పు ఎలా జరుగుతుందో చూడాలంటే 2015 ఎఫ్-150ని చూడాలి. బాడీ మొత్తం ఉక్కు తీసేసి అల్యూమినియం పెట్టారు. బరువు దాదాపు 700 పౌన్ల దాకా తగ్గింది. వెల్డింగ్ చోట రివెట్లు, జిగురు వచ్చాయి. ఏడాదికి లక్షల ట్రక్కులు అమ్ముకునే కంపెనీ తన బంగారు బాతు మీద చేసిన ప్రయోగం ఇది. విడుదలకి ముందే పాత మోడల్ రూపంలో అల్యూమినియం ట్రక్కులు తయారుచేసి ఒక గనికి, ఒక నిర్మాణ సంస్థకి, ఒక కరెంటు కంపెనీకి వాడుకోమని ఇచ్చారు, లోహం మారిందని మాత్రం చెప్పలేదు. వాళ్ళు రాళ్ళూ రప్పలూ వేసుకుని మామూలుగా వాడేశారు. ప్రొడక్షన్లో యూజర్లకి తెలియకుండా టెస్టింగ్ అంటే ఇదీ! తర్వాత 2016లో షెవర్లే వాళ్ళు ఆ బెడ్ మీద కాంక్రీటు దిమ్మలు పోసి చిల్లులు పడ్డాయని ప్రకటన తీశారు. అయినా ఎఫ్ సిరీస్ అమ్మకాల్లో మొదటి స్థానం వదల్లేదు.

రామ్ వాళ్ళ కథ దీనికి తలకిందులు. 2025 మోడల్లో హెమీ వీ8 తీసేసి ఆరు సిలిండర్ల టర్బో పెట్టారు. పాత హెమీ కన్నా దానికి హార్స్‌పవర్ ఎక్కువే. కానీ కొనేవాళ్ళు స్పెక్ షీట్ చూడలేదు, చప్పుడు విన్నారు. అదే ఏడాది జూన్లో హెమీ వెనక్కి వస్తోందని కంపెనీ ప్రకటించాల్సి వచ్చింది, పైగా పక్కన నిరసన గుర్తుగా ఒక బ్యాడ్జీ కూడా. రీరైట్ చేసి, యూజర్లు గోల పెడితే రోల్‌బ్యాక్ చేసిన ప్రాజెక్టులు మనం ఎన్ని చూడలేదూ.

ఇంజిన్ గురించీ లోహం గురించీ ఇంత మాట్లాడతారు. హెడ్‌లైట్ల గురించయితే చెప్పక్కర్లేదు. ముక్కు ఎత్తు గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అదే బానెట్, ఇక్కడివాళ్ళు హుడ్ అంటారు. నా మటుకు నాకు వచ్చే డిజైన్లో చూడాల్సిన మొదటి అంకె అదే.

2000 నుంచి ఇక్కడ పికప్పుల బానెట్ ఎత్తు సగటున 11 శాతమయినా పెరిగిందని కన్స్యూమర్ రిపోర్ట్స్ 2021లో లెక్కగట్టింది. రోడ్డు భద్రతని పరిశోధించే ఐఐహెచ్ఎస్ 2023లో దాదాపు 18,000 ప్రమాదాలు తీసి చూసింది, అన్నీ నడిచేవాళ్ళని బళ్ళు గుద్దినవే. బానెట్ అంచు 40 అంగుళాలు దాటిన బండి గుద్దితే, 30 అంగుళాల లోపు వాలు ముక్కున్న కారుతో పోలిస్తే చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువ అని తేలింది. ఫుల్ సైజు పికప్పులు ఆ 40ని ఎప్పుడో దాటేశాయి. కారణం పెద్ద ఫిజిక్స్ కాదు. కారు కాళ్ళకి తగిలితే మనిషి బానెట్ మీదకి పడతాడు. గోడ లాంటి ముక్కు నడుముకో ఛాతీకో తగిలి ముందుకి, కిందకి తోసేస్తుంది.

40 అంగుళాలంటే నాలుగేళ్ళ పిల్లాడి పూర్తి ఎత్తు. అయిదడుగుల మా అమ్మకి ఛాతీ దాకా. అమ్మ మాట ఎందుకు తెచ్చానంటే, ఫ్రిస్కో, ఇర్వింగ్ లాంటి చోట్ల సాయంత్రం ఆరింటికి వీధుల్లో నడిచేది ఎవరో ఒకసారి చూడండి. ఇక్కడివాళ్ళు చాలామంది బండి దిగరు. ఆరు నెలలకని వచ్చిన మన అమ్మానాన్నలే, చీర కింద స్పోర్ట్స్ షూ వేసుకుని, చేతిలో మనవడి వేలు పట్టుకుని తిరుగుతుంటారు. ఏ డ్రైవ్‌వే లోంచి ఏ ట్రక్కు కదులుతుందో వాళ్ళకి తెలీదు. ముందు ఎవరున్నారో ట్రక్కులో ఉన్నవాడికీ కనపడదు.

"ఎత్తు లేకపోతే అంత ఇంజిన్ ఎక్కడ పెడతారు, 13,000 పౌన్లు లాగాలంటే రేడియేటర్ పెద్దది కావాలి కదా" అని నా మిత్రుడి వాదన. కొంత నిజం. లాగేటప్పుడు వేడి దిగాలి, ఫోర్ వీల్ డ్రైవ్ ఇరుసు మీద ఇంజిన్ కూర్చోవాలి. కానీ 1999 సిల్వరాడోలో కూడా 5.3 లీటర్ల వీ8 ఉంది. ఇరవై ఏళ్ళ తర్వాత 2019 డిజైన్లో వచ్చినదీ 5.3 లీటర్ల వీ8నే, ముక్కు మాత్రం పెరిగింది. అదే ఇంజిన్ కుటుంబానికి చెందిన 6.2 లీటర్ల వీ8ని 2014 కార్వెట్లో పెట్టారు, ఆ కారు బానెట్ మోకాలికి కాస్త పైన ఉంటుంది.

ఇంకా మంచి సాక్ష్యం లైట్నింగే. దాని ముందు భాగంలో ఇంజిన్ లేనే లేదు. ఆ ఖాళీలో 400 లీటర్ల డిక్కీ పెట్టారు. ముక్కు ఎత్తు మాత్రం పెట్రోల్ ట్రక్కుదే! ఎందుకంటే క్యాబిన్ రెంటికీ ఉమ్మడి. అచ్చులు ఒకసారి పోశాక ఎవరూ ముట్టుకోరు, మన లెగసీ మాడ్యూల్ లాగే. కాబట్టి ఈ ఎత్తు మార్చే అవకాశం పూర్తి రీడిజైన్ అప్పుడే వస్తుంది. అప్పుడు వదిలేస్తే ఇంకో ఆరేళ్ళు అదే అచ్చు. ఆ అచ్చులోంచి వచ్చిన చివరి ట్రక్కు ఇంకో పదిహేను, ఇరవై ఏళ్ళు రోడ్డు మీద తిరుగుతుంది. అంటే ఇప్పుడు ఏ డిజైన్ స్టూడియోలోనో బంకమట్టి నమూనా మీద ఎవరో గీసే గీత 2050 దాకా మన వీధుల్లో ఉంటుంది.

కెమెరాలు పెడతారుగా అంటారా? వెనక కెమెరా తప్పనిసరి చేస్తూ చట్టం 2008లో వస్తే, ప్రతి కొత్త బండిలోకీ అది చేరేసరికి 2018 మే. పదేళ్ళు! ఆ నియమంలో ముందు కెమెరా ఊసే లేదు. నడిచేవాళ్ళ తలకి బానెట్ వల్ల తగిలే దెబ్బని కొలిచే ప్రమాణం ఒకటి 2024 సెప్టెంబర్లో ఎన్‌హెచ్‌టీఎస్ఏ ప్రతిపాదించింది. బానెట్ మెత్తగా ఉండాలంటుంది గానీ పొట్టిగా ఉండాలని అనదు.

నా జోస్యం అడిగితే, వీ8 ఉంటుంది, స్క్రీన్ ఇంకా పెరుగుతుంది, ముక్కు ఒక్క అంగుళం కూడా తగ్గదు. తప్పని తేలితే లంచ్ నాది. తర్వాతి స్పై ఫోటో చూసేటప్పుడు మాత్రం హెడ్‌లైట్లు వదిలేసి, ట్రక్కు ముందు ఎవరన్నా నిలబడి ఉన్నారేమో చూడండి. బానెట్ అతనికి నడుము దాకా వస్తోందా, ఛాతీ దాకా వస్తోందా? ఎన్ని సుడుల స్టిక్కర్లు అంటించినా అది మాత్రం దాగదు.