భయం ఎవరిది?

సాయిబులకి ఎదగాలన్న ఆశ లేదని ప్రగతిశీల మిత్రులు కూడా కొందరు నమ్ముతారు. పంక్చర్ల షాపు, పండ్ల బండి, కోడిమాంసం అంగడి. పూట గడిస్తే చాలట మాకు. అంతకుమించి అడుగేసే ధైర్యం లేదట. చిత్రమేమంటే, ఈ మాట అనేవాళ్లలో ఎక్కువమంది ఒకటో తారీఖున జీతం అందుకునేవాళ్లే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఒక్కసారి వచ్చి చూడండి. పట్టుగూళ్లు కొని దారం తీసే రీలరుని చూడండి. వేలంలో పాడుకున్న గూళ్లకి డబ్బు కట్టాలి. ఆలస్యమైతే లోపలి పురుగు గూడు తొలుచుకుని బయటికొస్తుంది, పెట్టుబడి గాలికిపోతుంది. తీసిన దారం రేపు ఏ ధర పలుకుతుందో తెలీదు. చైనా పట్టు చవగ్గా వచ్చిపడితే ఇక్కడి బట్టీ ఆరిపోతుంది. సరిహద్దు అవతల శిడ్లఘట్ట, రామనగరంలో ఈ పని చేసేది ఎక్కువగా ముస్లింలే. ఇవతల కూడా ఆ మరిగే నీళ్లలో మా చేతులున్నాయి.

టమాటా రైతు సంగతీ అంతే. 2023 జూలైలో కిలో వంద దాటిన టమాటానే, ధర పడిపోయిన ఏడు కోతకూలి రాక రోడ్డుమీద పారబోస్తారు. ఆ రైతు ఏ మతం వాడైనా ఆడేది జూదమే. తెల్లారకముందే కుప్పంలో బెంగుళూరు రైలెక్కే కూలీకి ఆరోజు పని దొరుకుతుందన్న హామీ లేదు. 1990లో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు లక్షా డెబ్బైవేలకి పైగా భారతీయుల్ని విమానాల్లో వెనక్కి తేవాల్సొచ్చింది. తర్వాత ఈ సీమ జనం కువైట్ పోవడం మానుకున్నారా? లేదు. వీళ్లా పిరికివాళ్లు?

భయం డబ్బున్న చోట ఉంది. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాల్ని కొన్ని బ్యాంకులు అప్పివ్వకూడని చోట్లుగా గుర్తుపెట్టుకున్నాయని 2006లో సచార్ కమిటీయే చెప్పింది. పనిచేసే ముస్లింలలో నూటికి 61 మంది స్వయంఉపాధి మీదే బతుకుతున్నారని కూడా అదే నివేదిక చెప్పింది. అంటే సొంత పెట్టుబడి అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ల వీధికే తలుపు మూశారు. కువైట్ నుంచి వచ్చిన డబ్బు డిపాజిట్‌గా పుచ్చుకునేటప్పుడు మాత్రం ఆ వీధి ప్రమాదం కాదు!

వడ్డీ హరామ్ కాబట్టి మీరే బ్యాంకుకి రారంటారు. అదే సాయిబు సాయంత్రమయ్యేసరికి రోజువడ్డీ ఫైనాన్సు వాడికి కట్టే డబ్బు మీ కంటికి ఆనదా? ఒక్క నష్టంతో ఇల్లు కూలిపోయేవాడు, బిడ్డ చదువు ఆగిపోయేవాడు కొత్త మిషను కొనడు. అది ఆశ లేకపోవడం కాదు, పడితే పట్టుకునే చెయ్యి లేకపోవడం. పుంగనూరు ఆవు తక్కువ మేతతో పాలిస్తుందని దేశమంతా మురిసిపోతోంది. తక్కువ పెట్టుబడితో పట్టుదారం తీసిచ్చే మనిషికి మాత్రం చేతకానివాడని పేరు.

మనలో కలిగినవాళ్లనీ అడగాలి. మీ డబ్బు ఎక్కడుంది? బంగారంలో, ప్లాట్లలో, షాదీఖానా దీపాల్లో, జహేజ్‌లో. పక్కింటి కుర్రాడి బట్టీలో పదివేలు పెట్టమంటే మీకూ బ్యాంకు మేనేజరు భయమే పట్టుకుంటుంది. సుఖానికి మతం లేదు. అది ఎవరింట్లో చేరినా తలుపు గడియ పెట్టుకుంటుంది. అలా గడియ పెట్టుకున్న ఇళ్లు ఎక్కువైన ఊళ్లో ప్లాట్ల ధరలు పెరుగుతాయి గానీ పనులు పెరగవు.

కాబట్టి మాకు ధైర్యం నూరిపోసే ఉపన్యాసాలు వద్దు. ఏ వీధినుంచి ఎంత డిపాజిట్ తీసుకున్నారో, ఆ వీధికి ఎంత అప్పిచ్చారో లెక్క బయటపెట్టండి. ఆ లెక్క ముందు పెట్టుకుని మాట్లాడదాం, ఎవరు పిరికివాళ్లో.