పచ్చనిదల్లా ప్రకృతి కాదు

అట్లాంటిక్ నట్టనడుమ, భూమధ్యరేఖకు కాస్త దక్షిణంగా, అసెన్షన్ అనే అగ్నిపర్వత ద్వీపం ఉంది. వైశాల్యం 88 చదరపు కిలోమీటర్లు. వయసు సుమారు 10 లక్షల ఏళ్ళు. దాన్ని గురించిన కథ ఒకటి జాలంలో పదే పదే ఎదురవుతూంటుంది. 1836లో డార్విన్ చూసేనాటికి అదొక బోడిదిబ్బ అట. 1843లో అక్కడ దిగిన జోసెఫ్ హుకర్ సలహాపై బ్రిటిష్ నౌకాదళం మొక్కలు నాటించిందట. నేడు 859 మీటర్ల గ్రీన్ మౌంటెన్ శిఖరాన మబ్బుల అడవి అలరారుతోందట. కనుక మానవుడు తలచుకుంటే ఎడారిని అడవిగా మార్చగలడు, రేపు అంగారకుణ్ణి కూడా!

కథలోని తేదీలతో నాకు పేచీ లేదు. నా పేచీ అల్లా 'బోడి' అన్న ఒక్క మాటతోనే.

చెట్లు లేకపోవడమంటే ఏమీ లేకపోవడమేనా? ఆ శిఖరంపై ఫెర్నులూ నాచులూ ఉండేవి. వాటిలో కొన్ని భూమిమీద మరెక్కడా పుట్టనివి. బ్రెజిల్ తీరం నుంచి రెండువేల కిలోమీటర్లకు పైగా ఈదివచ్చి అక్కడి ఇసుకలో గుడ్లు పెట్టే పచ్చ తాబేళ్ళు ఉన్నాయి. ఆ ఒక్కచోటనే గూడుకట్టే ఫ్రిగేట్ పక్షి ఉంది. ఇంత సంపదను 'శూన్యం' అనగలగడానికి ఎంత గుడ్డితనం కావాలి!

నాటినవారిని నిందించను. 1815 నుంచి అక్కడ కాపలా ఉన్న దళానికి నీళ్ళు కావాలి, నీడ కావాలి. కానీ వెదురు, యూకలిప్టస్, అల్లం జాతులు, జామ వచ్చి పడ్డాక ఆ ఫెర్నుల చోటు ఇరుకైపోయింది. మేకలు అంతకుముందే తమవంతు మేసి ఉన్నాయి. అనోగ్రమ్మా అనే చిరు ఫెర్ను 1958 తర్వాత కనబడక, 2003లో అంతరించినవాటి జాబితాకెక్కింది. 2009లో కొండవాలున నాలుగంటే నాలుగు మొక్కలు దొరికాయి. వాటి బీజాలను లండనులోని క్యూ ఉద్యానానికి చేర్చి బతికించుకోవలసి వచ్చింది. విజయగాథలు చెప్పేవారు ఈ నాలుగు మొక్కలను లెక్కలో వేసుకోరెందుకు?

"అయితే అడవిని నరికేయమంటావా?" అని అడుగుతారు. అననే అనను. కొన్ని స్థానిక ఫెర్నులు నేడు ఆ పరాయి చెట్ల మానులపై పట్టిన నాచులోనే తలదాచుకుంటున్నాయి. చేసిన తప్పు అంత చిక్కుముడి పడిందని మాత్రమే నేననేది. 2004లో డేవిడ్ విల్కిన్సన్ అనే శాస్త్రవేత్త, కలిసి పరిణమించని జాతులు ఇంత త్వరగా ఒక అడవిగా ఎలా కుదురుకున్నాయని ప్రశ్నించాడు. అది మంచి ప్రశ్న. దాన్ని ప్రశంసాపత్రంగా మార్చడమే మనవాళ్ళు చేసిన పొరపాటు.

దిద్దుబాటు ఎలా ఉంటుందో ఆ ద్వీపమే చూపింది. ఎలుకల కోసం తెచ్చిన పిల్లులు పక్షులను తరిమేశాయి. ఫ్రిగేట్ పక్షులు పక్కనున్న చిన్న రాతిదీవికి పారిపోయాయి. పిల్లులను తొలగించి, 2006లో ద్వీపం పిల్లిరహితమని ప్రకటించారు. 2012లో ఆ పక్షులు తిరిగివచ్చి ప్రధాన ద్వీపంపై గూళ్ళు కట్టాయి. అక్కడికి దాదాపు 1,300 కిలోమీటర్ల దూరంలోని సెయింట్ హెలీనాలో 2000 నుంచి అక్కడి గమ్‌వుడ్ చెట్లనే తిరిగి నాటుతున్నారు. పచ్చదనమే కావాలంటే ఏ చెట్టయినా చాలును. వారికి కావలసింది తమ పచ్చదనం.

చివరిగా ఒక మాట. అసెన్షన్ దిగువ లావా మైదానాల్లో నేడు అన్నిటికన్నా మొండిగా అల్లుకుపోతున్నది, 1960లలో నాటిన ప్రోసోపిస్ జూలిఫ్లోరా. పేరు చూసి జడవకండి, అది మన సర్కారు తుమ్మే! మన చెరువుగట్లనూ బీళ్ళనూ కమ్ముకున్న అదే ముళ్ళచెట్టు. దాన్ని తెచ్చినవారూ మన బీళ్ళను చూసి అన్నమాట 'బంజరు' అనే. అక్కడ 'బోడి', ఇక్కడ 'బంజరు'. రెండూ నేలను చూసి చెప్పిన మాటలు కావు, చూడకుండా చెప్పినవి.

కాదనేవారు వాదనతో రండి, కాదనను. కానీ ముందు ఆ నాలుగు మొక్కలకు జవాబు చెప్పి రండి.