గృధ్రసిలో కత్తికి చోటెంత?

“డిస్క్ జారిందట, ఆపరేషన్ చేయాలట. కత్తి తగలకుండా మీరే నయం చేయాలి” అంటూ ఎం.ఆర్.ఐ. చిత్రాలతో వచ్చే రోగులు అధికమయ్యారు. కత్తి మనకు పరాయిదేమీ కాదు. ఆయుర్వేద అష్టాంగాలలో శల్యతంత్రమొకటి. గృధ్రసికి చరకుడు వస్తికర్మతోపాటు సిరావేధను, అగ్నికర్మను కూడా విధించాడు.

వెన్నుపూసల నడుమనుండే బిళ్ల పైపొర చినిగి, లోపలి గుజ్జు వెలికివచ్చి నాడిని ఒత్తుతుంది. పిరుదు మొదలు తొడ, పిక్క, పాదం వరకు నొప్పి పాకుతుంది. ఈ సంబంధాన్ని 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ అనే శస్త్రవైద్యులు విశదపరిచారు. నేడు చిన్న గాటుతో, సూక్ష్మదర్శిని సాయంతో, ఒత్తుతున్న ముక్కను మాత్రమే తీసివేసే మైక్రోడిసెక్టమీ ప్రచారంలో ఉంది. స్క్రూలు, కడ్డీలు బిగించే శస్త్రచికిత్స పూసలు నిలకడ తప్పినప్పటి మాట; కేవలం డిస్క్ జారినవారికి సాధారణంగా అక్కరలేదు. ఎందుకు బిగిస్తున్నారో రోగి అడిగి తెలుసుకోవాలి.

బొప్పాయి పాలనుండి తీసిన కైమోపపైన్‌ను సూదితో బిళ్లలోకి ఎక్కించి గుజ్జును కరిగించే పద్ధతికి 1982లో అమెరికాలో అనుమతి లభించింది. కొందరికి తీవ్రమైన అలెర్జీ, నాడీ ఉపద్రవాలు కలిగాయి. వాడుక క్షీణించి 2003లో అక్కడ అమ్మకమే నిలిచింది. చెట్టునుండి వచ్చినదంతా నిరపాయమనే మన పాఠకులు దీనిని గమనించాలి.

ఇక చిత్రంలో కనబడిన ప్రతి ఉబ్బూ వ్యాధి కాదు. 1994లో వెలువడిన ఒక పరిశీలనలో, నడుమునొప్పి ఎరుగని 98 మందిలో 52 శాతం మందికి బిళ్ల ఉబ్బు కనిపించింది. జారిన గుజ్జును శరీరమే కొన్ని నెలల్లో హరించుకోవడమూ కద్దు. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు ప్రకటించిన ఫలితాల ప్రకారం, త్వరగా శస్త్రచికిత్స పొందినవారికి కాలినొప్పి వేగంగా తగ్గింది. ఆగి చూచి అవసరమైతేనే చేయించుకున్నవారు ఏడాది తిరిగేసరికి వారితో సమానమయ్యారు. కనుక కొన్ని వారాలు ఓపిక పట్టడం సబబే. అయితే కూలికి పోనిదే పొయ్యి వెలగని మనిషికి ఏడాది చిన్నదా? అట్టివాడు త్వరగా ఉపశమనం కోరి కత్తికి ఒప్పుకుంటే, పిరికివాడని మనం ఎగతాళి చేయరాదు.

నాకు మన వైద్యులపైనే ఒక ఫిర్యాదు ఉంది. మూత్రం బంధించిన రోగికి ఒకరు మూడు దినాలు కషాయాలు మార్చి మార్చి ఇచ్చారు. ఆపైన శస్త్రచికిత్స జరిగింది, నడక వచ్చింది, మూత్రానికి గొట్టం మాత్రం శాశ్వతమైంది. మూత్రం నిలిచినా, మలంపై అదుపు తప్పినా, గుదం చుట్టూ స్పర్శ పోయినా అది గంటలతో లెక్క. అప్పుడు కటివస్తి, తైలమర్దనం అని కూర్చోరాదు. పాదం చచ్చుబడి వాలిపోతున్నా జాప్యం తగదు.

నా వద్దకు వచ్చిన గృధ్రసి రోగిని మొట్టమొదట అడిగేది మూత్రం సంగతే. పిదప కాలి బొటనవ్రేలిని పైకెత్తమంటాను. ఈ రెండూ సవ్యంగా ఉన్నప్పుడే వస్తికర్మ మాట ఎత్తుతాను. లేకుంటే ఆ పూటే చీటీ వ్రాసి శస్త్రవైద్యుని వద్దకు పంపుతాను.