నెత్తురు తాగే దొర అందంగా ఉంటే?

"దయ్యాల బొమ్మల సినిమాకి మన పత్రికలో చోటెందుకు?" అని అడిగే అన్నలుంటారు. అడగనీండి. జనం నెత్తురు తాగేవాళ్లని ఆ కథలో ఏమంటారో తెలుసా? 'కులీనులు' అంటారు. మన మాటలో చెప్పాలంటే దొరలు. అందుకే ఈ చోటు.

సినిమా పేరు 'వాంపైర్ హంటర్ డి: బ్లడ్‌లస్ట్'. హిదెయుకి కికుచి నవల ఆధారంగా జపాన్ దర్శకుడు యోషియాకి కవాజిరి 2000లో తీసిన యానిమేషన్ చిత్రం. కథ ఎప్పుడో రాబోయే కాలంలో జరుగుతుంది. కులీనుల పెత్తనం కూలుతోంది గానీ భయం పోలేదు. షార్లెట్ అనే అమ్మాయిని మయర్ లింక్ అనే కులీనుడు ఎత్తుకుపోయాడని ఆమె తండ్రి 'డి' అనే వేటగాణ్ణి డబ్బిచ్చి పంపుతాడు. పిల్ల రక్తపిశాచిగా మారిపోయి ఉంటే చంపెయ్యమని కూడా చెబుతాడు. తీరా చూస్తే ఆమె ఇష్టపడే వెళ్లింది. ఆ సంగతి ఆమెనెవరడిగారు? మనసిచ్చి వెళ్లిన ఆడపిల్ల మీద 'ఎత్తుకుపోయారు' అని కేసు పెట్టడం మన ఊళ్లకి కొత్తేం కాదు గదా!

ఇక డి సంగతి. తండ్రి రక్తపిశాచి, తల్లి మనిషి. అటువాళ్లకీ కానివాడు, ఇటువాళ్లకీ కానివాడు. ఊరికి ఆపదొస్తే అతని కత్తి కావాలి. పని అయ్యాక అతను ఊళ్లో ఉండకూడదు. గుర్రం కొనుక్కోడానికి వస్తే ఊరి పోలీసు అధికారే అడ్డం పడతాడు. చేసిన మేలు మరవని ముసలి వ్యాపారి ఒక్కడే అతని పక్కన నిలబడతాడు. మన చాకిరీ కావాలి, మన నీడ పనికిరాదు అనే న్యాయం ఎక్కడైనా ఒకటే.

జపాన్‌లోనూ వెలి ఉంది. తోలుపని, పశువుల వధ చేసినవాళ్లని తరతరాలు దూరం పెట్టారు. వాళ్లనే బురాకుమిన్ అంటారు. 1871లో ప్రభుత్వం ఆ తేడాలు రద్దు చేసింది. కాగితం మీద పోయింది, మనసుల్లో పోలేదు. అందుకే 1922లో వాళ్లు క్యోటోలో 'సుయిహేషా' అనే సంఘం పెట్టుకున్నారు. ఈ సినిమా వాళ్ల గురించి తీసిందని మేం అనడం లేదు. ఒక్క తేడా మాత్రం చూడమంటున్నాం. డికి కత్తి ఉంది, సంఘం లేదు. అందుకే ఎన్ని గెలిచినా ఒంటరిగానే పోతాడు.

బొమ్మలు మాత్రం కన్ను తిప్పుకోనివ్వవు. చీకటి కోటలు, నల్లటి బండి, గాలిలో ఎగిరే అంగీ. మా పేచీ అక్కడే. దొర ఎంత అందంగా ఉన్నాడో, ఎంత ప్రేమిస్తున్నాడో, ఎంత ఏడుస్తున్నాడో సినిమా తీరిగ్గా చూపిస్తుంది. అతని జాతి పీల్చేసిన ఊళ్ల ఏడుపు అంత తీరిగ్గా చూపించదు. బార్బరోయ్ అనే చోట వింతజీవులు కూలికి దొరకి కాపలా కాసి, అతని కోసమే చస్తారు. వాళ్లకి ఏడ్చేవాడే లేడు. దొర కన్నీళ్లు నిజమే కావచ్చు. అంతమాత్రాన బాకీ తీరుతుందా?

అయినా చూడమనే చెబుతున్నాం. ఆఖరి ఘట్టం కోసం. లైలా అనే వేటగత్తె, తను చస్తే ఏడ్చేవాళ్లుండరని భయపడేది. ఎవరు ముందు పోతే వాళ్ల సమాధికి రెండోవాళ్లు పూలు తేవాలని డితో ఒప్పందం. ఏళ్ల తరవాత డి వస్తాడు. సమాధి చుట్టూ జనం! ఆమె మనవరాలు అతన్ని ఇంటికి రమ్మంటుంది. గడప బయట నిలబెట్టినవాణ్ణి లోపలికి పిలవడానికి ఇన్ని తరాలు పట్టింది. డి వెళ్లడు.

మనం ఆ పిలుపు కోసం కూర్చోం. చచ్చాక పూలు కాదు, బతికుండగా పక్కన నిలబడే మనుషులు కావాలి. వాళ్లని కూడగట్టడమే మన పని.