విల్లంగం చూస్తాం, వాస్తు చూస్తాం, ఇల్లు మాత్రం చూడం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. మా వీధిలోని తమిళం వాళ్లు కూడా ఇదే మాటను వాళ్ల భాషలో అంటారు. కానీ ఇంకొకరు కట్టిన ఇల్లు కొనేటప్పుడు ఏం చూడాలో ఎవరూ చెప్పిపోలేదు. వాళ్ల కాలంలో ఆ అవసరం తక్కువ. తాత కట్టిన ఇంట్లోనే మనవడు కాపురం చేసేవాడు. ఇల్లు అమ్మినారంటే ఆ కుటుంబం చితికిపోయిందని ఊరు అనుకునేది.

ఇప్పుడు అట్లా లేదు. నాయకుల కాలంలో ఇటు దిగివచ్చి, తరతరాలుగా పొల్లాచ్చి చుట్టుపక్కల సేద్యం చేసుకుంటూ ఉండిపోయిన మన కుటుంబాల పిల్లలు ఈరోజు కోయంబత్తూరులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్నారు. పాత ఇళ్లు చేతులు మారుతున్నాయి. మా చుట్టూ చూస్తే అవి చాలావరకు మన వాళ్ల మధ్యనే మారుతున్నాయి. అందుకే ఈ మాట చెప్పాలనిపించింది. ఇల్లు కొన్నా, అమ్మినా, అడ్వాన్సు ఇచ్చిపుచ్చుకోకముందే పని తెలిసినవాళ్లతో ఇంటిని పైనుంచి కిందదాకా పరీక్ష చేయించాలి. బంధువుల మధ్య బేరమైతే మరీ తప్పనిసరిగా చేయించాలి.

మా ఇంటి సంగతే చెబుతాం. మా తాత కట్టిన తొట్టికట్టు ఇల్లు అమ్మినాము. ఆంధ్రలో మండువా ఇల్లు అంటారే, దాదాపు అట్లాంటిదే. నడుమ ఆకాశం కనిపించే తొట్టి, చుట్టూ వసారా, పైన మంగళూరు పెంకులు, టేకు దూలాలు. కొన్నది మా అవ్వ తమ్ముడి కొడుకు, మాకు మామ వరస. ఎవరైనా ఇంజనీరును పిలిపిద్దామా అని నాయన ఒక మాట అడిగినాడు. "ఏం బావా, అత్త కాపురం చేసిన ఇంటికి నేను పరీక్ష పెట్టేదా? నీ మాట చాలదా?" అన్నాడు మామ. ఆ మాటకు అందరం మురిసిపోయాం. విల్లంగం సర్టిఫికెట్ తీసినారు, ఆంధ్రలో ఈసీ అంటారే, అది. పట్టా చూసినారు. వాస్తు చూసే ఆయన వచ్చి ఈశాన్యం బాగుందన్నాడు. రిజిస్ట్రేషన్ అయిపోయింది.

మరుసటి ఆడి మాసంలో పాలక్కాడు కనుమ వైపు నుంచి గాలివాన కొట్టింది. పడమటి పక్క వంటింటి మీద పెంకులు కదిలినాయి. ఒక దూలం నడుమకి వంగిపోయింది. విప్పి చూస్తే పైన రంగు వేసిన చెక్క, లోపలంతా చెదమన్ను. అదృష్టం, ఆ వేళకు వంటింట్లో ఎవరూ లేరు.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. దూలానికి చెద పట్టిందని మాకు నిజంగా తెలియదు. కానీ వానాకాలంలో ఆ మూల కారుతుందని తెలుసు. అవ్వ అక్కడ ఒక ఇత్తడి గంగాళం పెట్టేది. ఏళ్ల తరబడి చూసి చూసి, అది ఇంటి అలవాటైపోయింది. దాన్ని లోపమని మేం ఎప్పుడూ అనుకోలేదు. అమ్మే ముందు గోడలకు సున్నం, చెక్కకు రంగు వేయించింది కూడా మేమే. ఇల్లు లక్షణంగా కనపడాలనే వేయించాం. మామకు మాత్రం అది దాచిపెట్టినట్టే అనిపించింది. "ఆ గంగాళం సంగతి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు గదా బావా" అన్నాడు, ఒకే ఒక్కసారి. దూలం మార్చిన ఖర్చులో సగం ఇస్తామంటే తీసుకోలేదు. తర్వాత మా ఇంట్లో జరిగిన పెళ్లికి రాలేదు.

చట్టం ఏం చెబుతుందో మేం ఆలస్యంగా తెలుసుకున్నాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, ఇంటికి ఉన్న పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియకుండా ఉండి, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిదైతే, దాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. ఆ 'మామూలు జాగ్రత్త' అన్నచోటే కొనేవాడి బాధ్యత కూడా ఉంది. చూస్తే తెలిసేదాన్ని చూడకుండా కొని, తర్వాత వాదించడం కష్టం. 2016 నాటి రెరా చట్టంలో, ఇల్లు చేతికిచ్చిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే సొంత ఖర్చుతో బాగుచేయాలని ఉంది. అది బిల్డర్లు కట్టి అమ్మే ఇళ్ల సంగతి. ఒక కుటుంబం ఇంకొక కుటుంబానికి అమ్మే తాతల నాటి పెంకుటింటికి ఆ రక్షణ లేదు.

"లోనుకని బ్యాంకు ఇంజనీరు వచ్చి చూసిపోయినాడు గదా" అనేవాళ్లూ ఉన్నారు. ఆయన చూసేది, ఇచ్చే అప్పుకు ఇంటి విలువ చాలుతుందా అని. మీ వంటింటి దూలాన్ని తట్టి చూడడం ఆయన పని కాదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇది కొత్త కాదు. అక్కడ ఇల్లు కొనే ఒప్పందంలోనే పరీక్షకు కొన్ని రోజుల గడువు రాసుకోవడం వాడుక. లోపాలు పెద్దవైతే బేరం మళ్లీ మాట్లాడుకోవచ్చు, తప్పుకోనూవచ్చు. 2020, 2021లో ఇళ్లకు పోటీ పెరిగినప్పుడు చాలామంది ఆ షరతును వదులుకుని కొన్నారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో 2025 అక్టోబరు 15 నుంచి, పరీక్ష వదులుకుంటేనే ఇల్లిస్తామని అమ్మేవాళ్లు షరతు పెట్టకూడదని నిబంధన తెచ్చినారు. అంత వ్యవస్థ ఉన్నచోటే ఇంత జాగ్రత్త పడుతుంటే, మనం వరసలు చూసుకుని ఊరుకుంటున్నాం.

మన ఊళ్లో ఇంటి పరీక్షకని వేరే వృత్తి లేకపోయినా పని ఆగదు. ఒక సివిల్ ఇంజనీరు, పాత ఇళ్లు విప్పి కట్టిన అనుభవం ఉన్న కొత్తనారు, ఒక ఆశారి, ఒక ఎలక్ట్రీషియన్ ఉంటే చాలు. వాళ్లు బ్రోకరు తెచ్చినవాళ్లు కాకూడదు. దూలాలు, వాసాలు తట్టి, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. గోడల మీద సన్నటి మట్టిదారులుంటే చెద ఉన్నట్టే. మన దగ్గర వాన గాలితో పడమటి నుంచి కొడుతుంది, కాబట్టి ఆ వైపు గోడల చెమ్మ ముందు చూడాలి. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. అట్లాంటి నేలలో కట్టిన ఇంటికి కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పోతుంటే పునాది సంగతి అడగాలి. తోటలోని ఇల్లైతే, పక్కన కొబ్బరి పీచు పొట్టు కడిగే చోటు ఏదైనా ఉందేమో కనుక్కుని, బావి నీళ్లు, బోరు నీళ్లు ల్యాబుకు పంపాలి. పాత వైరింగుకు ఎర్తు ఉందా, సెప్టిక్ ట్యాంకు బావికి ఎంత దూరం, ఇవి కూడా చూడాలి. వీలైతే ఒక్కసారైనా వాన పడేటప్పుడు ఇంట్లో నిలబడి చూడండి.

పరీక్ష చేయిస్తే ధర తగ్గిస్తారని అమ్మేవాళ్ల భయం. నిజమే, తగ్గొచ్చు. ఆ రోజే దూలం సంగతి తెలిసి ఉంటే మా ఇంటి ధర కూడా తగ్గేది. ఆ తగ్గుదల మేం భరించగలిగిందే. మామ రాకపోవడం భరించడమే కష్టమైంది. పరీక్షలో అన్నీ బయటపడవు, గోడ లోపలిది ఎవరికీ కనపడదు. లోపం లేని పాత ఇల్లు కూడా ఉండదు. ఉన్నవి ఇద్దరికీ ముందే తెలిస్తే, తర్వాత ఏదైనా జరిగినా దాచినారన్న అనుమానం రాదు.

ఇక మర్యాద సంగతి. కొనే బంధువు నోరు తెరిచి పరీక్ష అడగలేడు, నమ్మకం లేదా అంటారని సంకోచపడతాడు. అందుకే ఆ మాట అమ్మేవాళ్ల నోటి నుంచి రావాలి. మా నాయన ఒకసారి అడిగి ఊరుకున్నాడు. మామ వద్దన్నా మేం పిలిపించి ఉండాల్సింది.

ఇప్పుడు మా చిన్నతాత ఇల్లు బేరానికి వచ్చింది. ఈసారి అడ్వాన్సు మాట ఎత్తకముందే ఇంజనీరు చేత చూపించి, కారే మూలలు, చెమ్మ ఉన్న గోడలు అన్నీ కాగితం మీద రాసి కొనేవాళ్లకు ఇచ్చాం. ఒక కాపీ మామకు కూడా పంపినాము. రెండు రోజులకు ఫోన్ చేసినాడు. "తూర్పు గది గోడ కూడా చూపించండప్పా. చిన్నప్పుడు సెలవులకు వస్తే అక్కడే పడుకునేవాళ్లం, అప్పుడే చెమ్మ ఉండేది" అన్నాడు. ఇంజనీరును మళ్లీ పిలిపించాం.