కుంటితే ఎద్దును విప్పేస్తాం, కొడుకును మాత్రం పరిగెత్తమంటాం

మిర్చి రేటు గురించి రాయమని నలుగురైదుగురు అడిగారు. రాస్తాను, కానీ ఈసారి కాదు. కొన్ని నెలలుగా మా ఇంట్లో నడుస్తున్న సంగతి ఒకటుంది. అది మా ఇంటిదే అయితే రాసేవాణ్ణి కాదు. తెల్లారుజామున మీ ఊరి రోడ్డు మీద పరిగెత్తే పిల్లలందరిదీ అదే కథ. అందుకే సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నా.

మా గిద్దలూరు వైపు పల్లెల్లో ఆర్మీకి పోవడం కొత్త కాదు. చాలా ఊళ్ళల్లో రిటైరైన జవాన్లు ఉన్నారు. 2022లో అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్ళ సర్వీసు అయింది, ఆ తర్వాత నూటికి పాతిక మందినే ఉంచుకుంటారు. నాలుగేళ్ళ కోసం ఇంత కష్టమా అనేవాళ్ళు ఉన్నారు. అది వేరే చర్చ. మొదటి ఏడాది జీతం నెలకు 30 వేలు, అందులో చేతికొచ్చేది 21 వేలు. మూడెకరాల వర్షాధారం మీద నెలనెలా అంత ఎప్పుడైనా కళ్ళజూశారా అని వాళ్ళను అడుగుతా, అంతే.

మా చిన్నోడు ఆన్‌లైన్ పరీక్ష పాసయ్యాడు. ఆ రోజు ఇంట్లో పండగే. ఇప్పుడు ముందు పరీక్ష, తర్వాత ర్యాలీ కదా. ర్యాలీలో 1.6 కిలోమీటర్లు పరిగెత్తాలి. ఐదున్నర నిమిషాల్లోపు కొడితే 60 మార్కులు, ఆ పైన తగ్గిపోతాయి. పది పులప్స్ తీస్తే 40. తొమ్మిదడుగుల గుంత దూకాలి, జిగ్‌జాగ్ దిమ్మె మీద పడకుండా నడవాలి. అందరి ప్రాణం ఆ ఐదున్నర నిమిషాల మీదే ఉంటుంది.

రిజల్ట్ వచ్చిన మర్నాటి నుంచే మొదలెట్టాడు. నాలుగున్నరకు లేచి రామాలయం దగ్గర్నుంచి హైవే క్రాస్ దాకా, మళ్ళీ వెనక్కి. మొత్తం ఆరు కిలోమీటర్లు, అంతా తారు రోడ్డు. అంతకుముందు ఆదివారం క్రికెట్ ఆడటం తప్ప వాడు పరిగెత్తింది లేదు. కాళ్ళకు సంతలో కొన్న నాలుగొందల బూట్లు, అవి కూడా వాళ్ళన్న వాడి వదిలేసినవి. నేను అరుగు మీద కూర్చుని చూసి మురిసిపోయినోణ్ణే. ఎంత పరిగెత్తుతున్నావు, దేని మీద పరిగెత్తుతున్నావు అని ఒక్కరోజు కూడా అడగలేదు.

మూడో వారంలో నొప్పి వచ్చింది. పిల్లలు షిన్ పెయిన్ అంటారు దీన్ని. మోకాలికి చీలమండకు మధ్య ముందరుండే ఎముక, దాని లోపలి అంచు వెంబడి వస్తుంది. మొదట్లో పరుగు మొదలెట్టిన పది నిమిషాలు ఉండి, ఒళ్ళు వేడెక్కితే పోయేది. తర్వాత పరుగు ఆపినా పోలేదు. ఆ తర్వాత పొద్దున మంచం దిగి కాలు పెట్టగానే. వాళ్ళమ్మ రాత్రిపూట ఆముదం వేడిచేసి గట్టిగా నలిపేది. అప్పుడు నాకు చెప్పాడు. "నాన్నా, కాలెముక లాగుతా ఉంది, నాలుగు రోజులు ఆపనా?"

నేనన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నా. "మీ తాత నెత్తిన మూట పెట్టుకుని సంతకు నడిచిపోయి నడిచొచ్చేవాడు. ఏనాడూ కాలెముక అనలేదు. నాలుగు రోజులు ఆపితే దమ్ము పోద్ది, పక్కనోడు నీ సీటు ఎత్తుకుపోతాడు." మా బామ్మర్ది ఇంకొకటి కలిపాడు. "ఈ మాత్రం ఓర్చుకోలేనోడు బార్డర్‌లో ఏం నిలబడతాడు బావా?" దాంతో పిల్లోడు నోరు మూసుకున్నాడు.

కొన్నాళ్ళకు కుంటడం మొదలెడితే బండెక్కించుకుని పక్కూళ్ళో సూదేసే ఆయన దగ్గరకు తీసుకుపోయా. డైక్లోఫెనాక్ సూది, చేతిలో మాత్రలు. నొప్పి పోయింది. ఆ వారం వాడి టైము పది సెకన్లు తగ్గింది కూడా. "చూశావా" అన్నా. వారం తిరక్కుండా మళ్ళీ సూది. మళ్ళీ ఇంకోటి. నొప్పి తెలియడం ఆగింది గానీ ఎముకలో జరిగేది జరుగుతానే ఉంది. (ఈ మందు పశువులకు వాడొద్దని 2006లోనే ఆపేశారు, అది వేసిన గొడ్డు చస్తే దాన్ని తిన్న రాబందులు చస్తున్నాయని. మనుషులకు మాత్రం పప్పుబెల్లాల్లా దొరుకుతుంది. మందే తప్పని నేను అనను, డాక్టరు చూసి ఇస్తే వేరు. నొప్పి చంపుకుని పరిగెత్తడానికి వాడటం తప్పు. పైగా చెమటకు ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు దెబ్బట.)

ర్యాలీకి పన్నెండు రోజులుందనగా రోడ్డు మీద కూలబడ్డాడు. స్నేహితులు ఇద్దరు భుజాల మీద మోసుకొచ్చారు.

ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీస్తే ఏమీ కనబడలేదు. ఒప్పుకుంటున్నా, ఆ క్షణం నాకు వీడు నటిస్తున్నాడేమో అనిపించింది. డాక్టరు బొటనవేలితో ఎముక వెంబడి నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. పిల్లోడు గావుకేక పెట్టాడు. ఎమ్మారై తీయిస్తే తేలింది, ఎముకలో వెంట్రుకంత చీలిక. ఇలాంటిది మొదట్లో రెండు మూడు వారాలదాకా ఎక్స్‌రేకు చాలాసార్లు అందదంట, కొందరికి ఆ తర్వాత కూడా.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

"ఆరు వారాలండి."

"మరి ఆరు వారాలు ఎందుకు పరిగెత్తించారు?"

ఆ అడగడం నన్ను. పిల్లోడు నావైపు చూళ్ళేదు, నేలవైపు చూశాడు.

ఎనిమిది వారాలు పరుగు లేదన్నారు. ర్యాలీ పోయింది. వయసు లెక్క చూస్తే వాడికి ఇంకొక్క నోటిఫికేషన్ మిగిలింది.

డాక్టరు చెప్పింది నాకు అర్థమైనంత వరకు మన భాషలో చెప్తా. ఎముక రాయి కాదు. కొత్త బరువు పడితే ఒళ్ళు పాత ఎముకను అక్కడక్కడా తవ్వేసి, ఆ చోట గట్టిది పోస్తుంది. తవ్వడం ముందు, పొయ్యడం తర్వాత. మనం చేను గట్టు తెగగొట్టి కొత్త మట్టి వేసినట్టే. ఆ మట్టి గట్టిపడకముందే నీళ్ళు వదిలితే ఏమవుద్దో మీకు చెప్పక్కర్లేదు. ఈ పిల్లలు మొదలెట్టిన మూడు నాలుగు వారాలకే ఎందుకు నొప్పి అంటారంటే ఇందుకే, గట్టు ఇంకా పచ్చిగా ఉంది. అప్పుడు తగ్గించుకుంటే కొన్ని వారాల్లో సర్దుకునేది చాలామందికి. ఆపకపోతే చీలిక దాకా పోవచ్చు.

ఇంకో గుర్తు చెప్పాడు, ఇది మాత్రం ఇంట్లో అందరూ తెలుసుకోండి. ఎక్కడరా నొప్పి అంటే పిల్లోడు అరచెయ్యి పెట్టి ఎముక పొడవునా రుద్ది చూపిస్తే అది మామూలు షిన్ పెయిన్ అయ్యే అవకాశం ఎక్కువ. ఒక్క వేలు పెట్టి "ఇదిగో ఇక్కడే" అంటే, పరిగెత్తకపోయినా నొప్పి ఉంటే, రాత్రి నిద్రలో లేపితే, ఆ రోజే పరుగు బందు పెట్టి ఎముకల డాక్టరు దగ్గరకు పోవాలి. సూదేసే ఆయన దగ్గరకు కాదు.

ఇప్పుడు నా మాట. మనం కోడెదూడను మొదటిసారి కాడికి కట్టినప్పుడు ఏం చేస్తాం? ఉత్త కాడి వేసి తిప్పుతాం. తర్వాత ఖాళీ బండి. అరపూట మించనియ్యం, మెడ కాయ కాసేదాకా బరువు పెట్టం. కుంటితే ఆ సాలు కూడా పూర్తి చెయ్యకుండా విప్పేసి, కాలెత్తి డెక్కలో ముల్లు వెతుకుతాం. నా చిన్నప్పుడు కంకర రోడ్ల మీద బండ్లు తోలాలంటే మా నాయన ఎడ్లకు నాడాలు కొట్టించేవాడు, అప్పుచేసైనా. అంత తెలిసిన మనం, పాతిక వేల అప్పు తెచ్చి కోచింగ్ కడతాం గానీ రెండు వేలు పెట్టి బూట్లు కొనం. నేనే కొనలేదు. ఎమ్మారైకి కట్టిన డబ్బుకు మంచివి మూడు జతలు వచ్చేవి.

విశ్రాంతి అంటే మనకు తెలిసింది కూడా తప్పే. సూదులు వేయించిన రోజుల్లో ఒక వారం నేనే "సరే ఆదివారం పరిగెత్తొద్దులే" అన్నా, పెద్ద ఉపకారం చేసినట్టు. ఆ ఆదివారం మిరపలో తామరపురుగు ఉందని వాడి వీపుకు పదహారు లీటర్ల స్ప్రే ట్యాంకు తగిలించా. పది ట్యాంకులు కొట్టాడు. బురద సాళ్ళలో వీపు మీద బరువుతో పొద్దస్తమానం నడక. ఆ కాలికి పరుగైతే ఏంటి, ట్యాంకైతే ఏంటి? అది బరువే. పట్నం పిల్లోడు పొద్దున పరిగెత్తి ఇంటికొచ్చి పడుకుంటాడు. మన పిల్లోడు పరిగెత్తొచ్చి గడ్డి కోస్తాడు, మోటారు వేసొస్తాడు, మందు కొడతాడు. ఎవరూ దాన్ని ట్రైనింగ్ లెక్కలో వేయరు. ఆ రెండున్నర నెలలు మందు కొట్టడానికి కూలి మనిషిని పెట్టుకుని ఉంటే నాకు అయ్యే ఖర్చు లెక్కేసుకున్నా. చెప్పుకోదగ్గ ఖర్చే, కాదనను. పోయిన దానితో పోలిస్తే తక్కువ.

తిండి సంగతి కూడా అంతే. మా ఇంట్లో గేదె ఉంది. పాలు రెండు పూటలా కేంద్రానికి పోస్తాం, పిల్లోడికి మిగిలేది టీలోకి గ్లాసుడు. పొద్దున ఏమీ తినకుండా పరుగు, వచ్చి టీ, పదింటికి అన్నం. ఎముక పొయ్యడానికి ఒంటికి సరుకు కావాలి కదా. ఇప్పుడు పూటకు గ్లాసు పాలు వాడికి తీసే మిగతా పోస్తోంది మా ఆమె. రాగిసంకటి మళ్ళీ పొయ్యి ఎక్కింది.

"ఓర్చుకోలేనోడు సైన్యంలో ఏం చేస్తాడు" అన్న మాటకు జవాబు నేను చెప్పలేకపోయా, మా ఊరి హవల్దారు బాబాయ్ చెప్పాడు. ట్రైనింగ్ సెంటర్లలో కూడా రంగ్రూట్లకు ఈ చీలికలు వస్తాయట. వస్తే పరుగు ఆపించి, నయమయ్యాకే మళ్ళీ దించుతారట. "దాచిపెట్టి పరిగెత్తినోడికే ఎక్కువ నష్టంరా" అన్నాడు. ఇది ఈనాటి జబ్బు కూడా కాదు. 1855లోనే ప్రష్యా దేశపు సైనిక డాక్టరు బ్రైట్‌హాప్ట్ అనే ఆయన, మార్చింగ్ చేసి చేసి సిపాయిల పాదాలు వాచి నొప్పి పుట్టడం గురించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. అది వచ్చాక, 1897లో తెలిసింది అవి ఎముక చీలికలని. అంటే అంతకాలం ఆ సిపాయిలను కూడా ఎవరో ఒకరు "నటిస్తున్నావురా" అనే ఉంటారు, నాలాగా.

ఓర్పు వద్దని కాదు. దమ్ము అందక గుండె ఎగిసిపడుతుంటే, తొడలు మండుతుంటే ఓర్చుకోమనండి, నేనూ అంటా. ఎముక నొప్పి వేరు. దాన్ని ఓర్చుకుంటే గట్టిపడదు. ఈ తేడా పిల్లోడికి తెలియదు, కుర్రతనం. మనకు తెలియాలి. అదీగాక మన దగ్గర నిజం చెప్పే వీలు వాడికి ఉండాలి. మా చిన్నోడు మొదట్లోనే చెప్పాడు. విననిది నేను.

ఆపితే దమ్ము పోతుందని భయం. అంతా పోదు. కాలు మీద బరువు పడకుండా చేసేవి ఉన్నాయి. డాక్టరు ఒప్పుకున్న నాలుగో వారం నుంచి మావాడు సైకిలు తొక్కుతున్నాడు. దూలానికి వేలాడి పులప్స్ తీస్తున్నాడు, ఎనిమిది వచ్చేవి పన్నెండుకు వచ్చాయి. గడప అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు పైకీ కిందకీ, పిక్కలు గట్టిపడటానికి. మళ్ళీ పరుగు మొదలెట్టేటప్పుడు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అదీ రోజు విడిచి రోజు. వారానికి పదో వంతు కన్నా ఎక్కువ పెంచకూడదన్నారు. పరిగెత్తాల్సింది 1.6 కిలోమీటర్లయితే రోజూ ఆరు ఎందుకో, ఎవరు చెప్పారో వాడికే తెలియదు. ముందోడు పరిగెత్తాడని వీడు.

ఇక రోడ్డు సంగతి. తారు మీద, అదీ చీకట్లో లారీల మధ్య. మన హైస్కూలు గ్రౌండు ఎర్రమట్టి నేల, చుట్టూ తిరిగితే రెండొందల మీటర్లపైనే వస్తుంది. కంపచెట్లు, గులకరాళ్ళు తప్ప దానికి వేరే జబ్బు లేదు. హెడ్‌మాస్టరు గారిని అడిగా, పొద్దున ఆరున్నర దాకా గేటు తీసి ఉంచడానికి ఒప్పుకున్నారు. నాకు ట్రాక్టరు లేదు. బ్లేడు ఉన్నవాళ్ళెవరైనా ఒక్క పూట ఇస్తే చదును అవుతుంది, డీజిలు నేను పోయిస్తా. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి పారా, కొడవలి పట్టుకుని అక్కడ ఉంటా. పిల్లల్ని ఎండు కంప మొయ్యమనొద్దు, పెద్దోళ్ళమే వద్దాం.

మావాడికి ఇది ఏడో వారం. నిన్న సాయంత్రం చెరువు దాకా నడిచొచ్చాడు, నొప్పి లేదన్నాడు. "నాన్నా, రేపు గ్రౌండులో ఒక్క రౌండు కొట్టనా?" అన్నాడు. ఇంకో వారం ఆగమన్నా. మొహం మాడ్చుకుని సైకిలు తీశాడు.